ముప్పై ఎనిమిది సీసాలు, ఒక్క సంతకం

పదకొండేళ్లలో ఆండాళు రాసిన పరిశోధన ప్రతిపాదనలు పందొమ్మిది. అందులో మంజూరైనవి ఏడు. ఏడింటి మీదా ప్రధాన పరిశోధకుడిగా ఉన్న పేరు ప్రిన్సిపాల్‌ది. మంజూరు ఉత్తరం వచ్చిన ప్రతిసారీ కాలేజీలో సభ పెడతారు, ఆయనకు శాలువా కప్పుతారు. శాలువా ఉన్న పళ్లెం పట్టుకుని పక్కన నిలబడేది ఆండాళు. పేపర్లో వచ్చే ఫొటోలో ఆమె మోచేతి దాకే పడుతుంది. భర్త కృష్ణ ఒకసారి ఉండబట్టలేక అడిగితే, "పని నడుస్తుంది గదా. పేరు కూడు పెడతదా?" అని అన్నం వడ్డించింది.

ఓర్చుకునే ఆడమనిషికి మన దగ్గర మంచి పేరు ఇస్తాం. జీతం పెంచకుండా పని పెంచడానికి అదొక సులువు.

ఆమెది గరిడేపల్లి. తల్లి వెంకటమ్మ నాట్లకు పోయి చదివించింది. మిర్యాలగూడలో డిగ్రీ, ఆ పైన కెమిస్ట్రీలో పీజీ చేసి, కోదాడ పక్కనున్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో చేరింది. కాగితం బాగా రాస్తుందని గ్రాంట్ల ఆఫీసు కూడా ఆమె నెత్తిన పెట్టారు. ఆఫీసంటే మెట్ల కింద గది. ఏ ప్రభుత్వ శాఖ ఏ పరిశోధనకు నిధులిస్తుందో వెతకాలి. అధ్యాపకుల వెంటపడి ప్రతిపాదన రాయించాలి. రాయనివాళ్లది తనే రాయాలి. చివర్లో పని సక్రమంగా జరిగిందని ధ్రువపత్రం మీద సంతకం చేసి పంపాలి. పేరు ప్రిన్సిపాల్‌ది, పూచీ ఆండాళుది.

ఆ ఏడో ప్రాజెక్టు మాత్రం ఆమె సొంత ఆలోచన. మఠంపల్లి మండలంలో, సున్నపురాయి గుట్టల పక్కన ఒక తండా ఉంది. నల్లా రాని రోజు అక్కడ బోరు నీళ్లే దిక్కు. మొత్తం ముప్పై ఎనిమిది బోర్లు. ఏ బోరులో ఫ్లోరైడ్ ఎంతుందో తేల్చి, ఏది తాగాలో ఏది తాగకూడదో ఇంటింటికీ కాగితం ఇవ్వాలి. అంతే ప్రాజెక్టు.

మొదటిసారి సీసాల మీద స్కెచ్ పెన్నుతో నంబర్లు వేసుకుని హుజూర్‌నగర్ మీదుగా బస్సులో తెచ్చింది. తడి గోనెసంచిలో నంబర్లన్నీ చెరిగిపోయాయి. మళ్లీ వెళ్తే తండా ఆడవాళ్లు నవ్వారు. వాళ్లలో జమున అనే ఆమె తన పాత రైక నుంచి అద్దం ముక్కతో సహా చిన్న పేలిక చింపి సీసా మెడకు ముడేసింది. అది చూసి అందరూ అదే పని చేశారు. ఎవరి గుడ్డ వాళ్లకు తెలుసు, తడిసినా చెరగదు. ఆండాళు ఒక నోటుబుక్కులో రాసుకుంది: పచ్చగుడ్డ, రెండు గవ్వలు, ఫలానావాళ్ల బోరు. ముప్పై ఎనిమిది వరసలు. ఫొటోలు తీయాలని తోచలేదు. ఆ తప్పు తనదేనని ఆమె ఇప్పటికీ అంటుంది.

సీసాలు ల్యాబ్‌కు చేరిన వారంలోనే తనిఖీ బృందం వస్తుందని కబురొచ్చింది. మన కాలేజీల్లో తనిఖీ అంటే పెళ్లివారి రాక. గోడలకు సున్నం, మొక్కలకు కొత్త కుండీలు, ఏడాదంతా ముసుగేసి ఉంచిన యంత్రాలకు బొట్లు. ల్యాబ్‌లో పేలికలు కట్టిన సీసాలు చూసి ప్రిన్సిపాల్ మొహం చిట్లించాడు. అటెండర్ లింగస్వామి ఆయన చెప్పినట్టే కత్తెర తీసుకుని గుడ్డలన్నీ కత్తిరించి చెత్తలో వేశాడు. కంప్యూటర్లో కొట్టిన తెల్లటి లేబుళ్లు ఒకటి నుంచి ముప్పై ఎనిమిది దాకా నీటుగా అంటించాడు. చేతికందిన సీసాకు చేతికందిన నంబరు.

ఆండాళు చూసేసరికి చెత్తబండి వెళ్లిపోయింది.

పరీక్ష జరిగింది. తొమ్మిది సీసాల్లో ఫ్లోరైడ్ ఉండాల్సినదానికి రెట్టింపు పైన ఉంది. ఆ తొమ్మిదీ ఎవరివి? తనిఖీ బృందం మాత్రం లేబుళ్లను మెచ్చుకుని వెళ్లింది.

నివేదిక పంపే రోజు ప్రిన్సిపాల్ ఆమెను పిలిచి, నంబర్ల పక్కన బోర్లవాళ్ల పేర్లు ఏదో ఒక వరసలో వేసేసి సంతకం పెట్టమన్నాడు.

"తండా వాళ్లొచ్చి మన నివేదిక చదువుతారా ఏంటి మేడం?"

"చదవరు సార్. తాగుతరు."

పదకొండేళ్లలో ఆమె ఆయనకు ఎదురుచెప్పడం అదే మొదలు. సంతకం పెట్టలేదు. గుడ్డలు కత్తిరించడం వల్ల ఏ నీళ్లు ఎవరివో తెలియకుండా పోయిందని, మళ్లీ సేకరించాలని ఉన్నదున్నట్టు రాసి ఆయన టేబుల్ మీద పెట్టింది. సాయంత్రానికల్లా మెట్ల కింద గది తాళం ముఖేష్ అనే కొత్త అధ్యాపకుడి చేతికి పోయింది. మర్నాడే అతను సంతకం పెట్టాడు. ఎవరి బోరు మంచిదో ఎవరిది చెడ్డదో లాటరీ తీసినట్టు తేలిపోయింది. దాన్ని పరిశోధన అంటున్నారు.

ఆదివారం ఆండాళు తండాకు వెళ్లింది. అందరినీ కూర్చోబెట్టి జరిగింది చెప్పింది. జమున కూతురు దీపకు ఆరేళ్లు, పాలపళ్లు ఊడుతున్నాయి. పక్కింటి పిల్లల పళ్ల మీద ఫ్లోరైడ్ తెచ్చిన గోధుమరంగు చారలు జమునకు రోజూ కనిపిస్తూనే ఉన్నాయి.

"మా బర్రె చెవికి బీమావాళ్లు ఏసిన బిళ్ల మూడేండ్లయినా ఊడలే మేడం. గంత పెద్ద కాలేజీల మా గుడ్డ నాలుగు దినాలు ఆగలేదా?" అంది జమున. మళ్లీ తనే, "గదంత ఇడిసిపెట్టు. మా బోరు మంచిదా కాదా? ఒక్క ముక్క చెప్పు" అంది.

"నాకు తెల్వదు జమునా" అంది ఆండాళు. ముఖేష్ పంపిన నివేదికలో ఆ బోరు మంచిదనే ఉంది. ఆ మాట అక్కడ చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. బదులుగా, తేలేదాకా దీపకు నల్లా నీళ్లే పట్టిపెట్టమంది.

"ఇగ మాటలెందుకు, మల్ల నింపుదం పట్టుండ్రి" అని జమునే లేచింది. ఈసారి ప్రతి సీసాకూ ఫొటో తీశారు. ప్రాజెక్టు ముగిసింది కాబట్టి పరీక్ష చేయడం కుదరదని కాలేజీ చెప్పేసింది. ఆ ముప్పై ఎనిమిది సీసాలు ఇప్పుడు ఆండాళు వంటింటి అరలో ఉన్నాయి. నింపి పన్నెండు రోజులైంది. నెల దాటితే ఆ నీళ్ల మీద చేసిన పరీక్ష చెల్లదంటారు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. వచ్చే సోమవారం సూర్యాపేట కలెక్టరేట్‌లో ప్రజావాణికి ఆండాళు, జమున సీసాలతో వస్తున్నారు. ఇద్దరాడవాళ్లు నిలబడితే అర్జీ తీసుకుని పంపేస్తారు. రెండొందలమంది నిలబడితే పరీక్ష ఎప్పుడో తేదీ చెప్పాల్సి వస్తుంది. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ నుంచి బస్సులున్నాయి. పది గంటలకల్లా రండి. కాలేజీల్లో పనిచేసేవాళ్లు ముందు రండి, ఇలాంటి సంతకాలు ఎలా జరుగుతాయో మీకే బాగా తెలుసు. తప్పుడు నివేదిక వెనక్కి తీసుకోవాలని, ముప్పై ఎనిమిది ఇళ్లకూ నిజమైన ఫలితం కాగితం మీద ఇవ్వాలని అడుగుదాం. తేదీ చెప్పేదాకా అక్కణ్నుంచి కదలొద్దు.