చెల్లెలికి తెచ్చిచ్చిన మాత్రలు

రెండో కాన్పు తర్వాత కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ నాకు గర్భం రాకుండా మాత్రలు రాసింది. రాసేముందు బీపీ చూసింది, చాలా అడిగింది. "తలనొప్పి వస్తదా? వచ్చే ముందు కండ్ల ముందట మెరుపుల్లెక్క ఏమన్న కనిపిస్తయా?" అంది. లేదన్నాను. రోజూ ఒకే వేళకు వేసుకోమని చీటీ ఇచ్చింది. నాకు ఏ ఇబ్బందీ రాలేదు.

మా చెల్లెలిది లక్సెట్టిపేట. అప్పటికే ముగ్గురు పిల్లలు. మూడో కాన్పుకు రక్తం బాగా పోయి చావుదాకా వెళ్లొచ్చింది. ఆపరేషన్ చేయించుకుంటానంటే భర్త ఒప్పుకోలేదు. ఇంకో కొడుకు కావాలన్నాడు. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నువ్వేసుకునే గోలీలు నాకు గూడ తెచ్చియ్యరాదు."

"డాక్టర్ దగ్గరికి పోదాం రా."

"కరీంనగర్ దాక నన్నెవరు పోనిస్తరు? ఆయనకు తెలిస్తే ఊకుంటడా?"

నా చీటీ మీదే నెలకు రెండు మాత్రల పట్టీలు కొన్నాను, నాకొకటి, ఆమెకొకటి. మందుల షాపులో ఎవరూ ఏమీ అడగలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం వాళ్ల ఊరి చర్చికి ప్రభురాత్రి భోజన సంస్కారానికి వెళ్లినప్పుడు ఒక పట్టీ ఆమె చేతిలో పెట్టేదాన్ని. ఎలా వేసుకోవాలో చెప్పాను. డాక్టరమ్మ నన్ను అడిగినవి మాత్రం ఆమెను అడగలేదు.

అడగనక్కర్లేదు, నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ నెలకో రెండు నెలలకో ఆమెకు తల పగిలిపోయేది. "మెరుపులు కొడుతున్నయక్కా" అంటూ కిటికీలు మూయించి పడుకునేది. నుదుటి మీద తడిగుడ్డ వేసింది నేనే. డాక్టరమ్మ అడిగినప్పుడు అది గుర్తుకొచ్చింది కూడా. చెల్లెలికి మాత్రలు ఇచ్చేటప్పుడు రాలేదు.

అయిదో నెలలో ఒక పొద్దున పిల్లలకు అన్నం పెడుతూ కూలబడింది. కుడి చెయ్యి లేవలేదు, మాట ముద్దయింది. కరీంనగర్ ఆస్పత్రికి తెచ్చారు. ఏమైనా మందులు వాడుతోందా అని డాక్టర్ అడిగితే, "ఏం లేవు సార్" అన్నాడు ఆమె భర్త. చెల్లెలు నావైపు చూసింది. అందరి ముందూ నేనే చెప్పాను. మెదడులో రక్తం గడ్డకట్టిందనీ, అలాంటి తలనొప్పి ఉన్నవాళ్లు ఆ మాత్రలు వాడకూడదనీ డాక్టర్ అన్నాడు.

"ఇగ మా గడప తొక్కకు" అన్నాడు చెల్లెలి భర్త.

ఏడాదికి మాట కొంత వచ్చింది. చెయ్యి రాలేదు. మా తల్లిగారింట్లో కలిసినప్పుడు తిడుతుందనుకున్నాను. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అడిగింది.

"పిల్లలు గాకుంట... ఇంకేమన్న ఉన్నదా అక్కా? ఆయన... నా మాట ఇంటలేడు."

మరుసటి వారం, చేతికి కసరత్తు చేయించాలని వాళ్లింట్లో అమ్మతో చెప్పించి, ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఈసారి ఒక్కటీ దాచకుండా చెప్పాను. ఆ మాత్రల ప్రమాదం దీనికి లేదని చెప్పి డాక్టరమ్మ చెల్లెలికి కాపర్-టీ వేసింది. తిరుగు బస్సులో చెల్లెలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. లక్సెట్టిపేటలో ఆమెను దింపి, వాళ్ల వీధి మొదట్లోనే ఆగిపోయాను.