మా వదిన గొంతు తగ్గించిందట

మా ఆయన అక్క, అంటే మా వదిన, పిండిమర నడుపుతుంది. ఆ మోటారు మీద గెలవాలని గొంతు పెంచీ పెంచీ, ఇప్పుడు మర ఆగినా తను ఆగదు. "ఉప్పు ఇటివ్వు" అంటే వీధి చివర పడుకున్న కుక్క లేచి కూర్చుంటుంది. మర వెనకే ఇల్లు, కాబట్టి ఇంటిల్లిపాదిదీ అదే గొంతు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు వీళ్ళు పొద్దస్తమానం పోట్లాడుకుంటున్నారని హడలిపోయాను. తీరా చూస్తే కుశలం అడుగుతున్నారు! ఇప్పుడు నేనూ అంతే లెండి.

పోయినేడు మా పాపకి మెదడులో గడ్డ ఉందని తేలింది. ఆపరేషన్ చేసి తీసేశారు, తర్వాత మందులెక్కించారు. నర్సులు ఎంత బతిమాలినా అక్కడ కూడా వదిన గొంతు తగ్గలేదు. కానీ పిల్లకి అన్నం తినిపించిందీ, వాంతులు ఎత్తిపోసిందీ తనే. నాకైతే కాళ్ళూ చేతులూ ఆడలేదు.

పిల్ల మళ్ళీ బడికెళ్ళాక టీచరు నన్ను పిలిపించింది. "వెనక నుంచి పిలిస్తే పలకడం లేదమ్మా. ఒకసారి చెవులు చూపించండి" అంది.

ఇంటికొచ్చి చెప్తే వదిన ఇంతెత్తున లేచింది. "మా పిల్లకి చెవుడా? నేను పిలిస్తే పరిగెత్తుకొస్తుంది! ముందు ఆవిడ నోట్లోంచి మాట బయటికి రానీ!"

పరిగెత్తుకు రావడం నిజమే. ఆ పిలుపుకి గోడలు కూడా పలుకుతాయి మరి.

ఆసుపత్రికి వెళ్దామంటే రోజుకో వంక. బెల్టు తెగిందంది, జల్లెడ మార్చాలంది. ఒళ్ళు మండి నిలదీశాను. చేతులకంటిన పిండి దులుపుకుంటూ, "మళ్ళీ గడ్డొచ్చిందంటారేమోనే. నాకు భయంగా ఉంది" అంది. నాకున్నదీ అదే భయం. మర ఆపేసి, పిల్లని తీసుకుని బయల్దేరాం.

డాక్టరు పరీక్షలన్నీ చేయించాడు. గడ్డ తిరిగి రాలేదు. ఆపరేషన్‌లో నరం దెబ్బతిని ఒక చెవి పూర్తిగా పోయింది, మందుల వల్ల రెండోదీ బాగా తగ్గింది. దానికి మిషను పెడితే చదువుకి ఢోకా లేదన్నాడు. గడ్డ లేదన్న మాటకే నేను ఏడ్చేశాను.

డాక్టరు పిల్లకి ఎదురుగా కూర్చుని గట్టిగా అడిగాడు. "ఎప్పట్నుంచి సరిగ్గా వినపడ్డం లేదమ్మా?"

"నాకు బాగానే వినపడుతుంది," అంది పిల్ల. "ఆపరేషన్ అయ్యాక మావాళ్ళే నెమ్మదిగా మాట్లాడుతున్నారు, నా తల నొప్పెడుతుందని. అత్తయ్య కూడా గొంతు తగ్గించేసింది, పాపం."

డాక్టరు వదిన వంక చూశాడు. పొద్దుట్నుంచీ ఆ గొంతు భరించింది ఆయనే కదా.

వదిన పిల్లని ఒళ్ళోకి లాక్కుని కళ్ళు తుడుచుకుంది. నేనెన్నడూ వినని సన్నటి గొంతుతో, "నిజంగానే తగ్గిస్తాలే, బంగారం" అంది.

"ఏంటత్తయ్యా?"

"గొంతు తగ్గిస్తానే తల్లీ!" అని ఒక్క అరుపు అరిచింది. బయట బెంచీ మీద వాళ్ళంతా లేచి నిలబడ్డారు.

పిల్ల ఆవిడ మెడ చుట్టూ చేతులేసి, "ఇప్పటికే తగ్గించావుగా, అత్తయ్యా" అంది.