చింతపండుతో తోమిన గిటార్

దసరాకు మా బాన్సువాడలో పనిముట్టు అన్న ప్రతిదాన్నీ కడిగి బొట్టు పెడతారు. ట్రాక్టరుకు పెడతారు, కుట్టుమిషనుకు పెడతారు, మా పక్కింటాయన కోళ్లు తూచే తరాజుకు కూడా పెట్టాడు. పెట్టుకోనీ, నాకేం? కానీ మా అమ్మ నా గిటార్‌ని చింతపండుతో తోమింది.

చెక్క గిటారైతే ఆమెకు ఆ బుద్ధి పుట్టేది కాదు. ఇది ఒళ్లంతా ఇత్తడి, పైన నికెల్ పూత. పొట్టలో కాగితమంత పలచటి అల్యూమినియం పళ్లెం ఒకటి ఉంటుంది. తీగ మోత దాని మీదికి దిగి, అక్కడ పెద్దదై బయటికొస్తుంది. రెసొనేటర్ గిటార్ అంటారు. వయసులో నాకంటే పెద్దది. నాందేడ్‌లో ఒక ముసలి వాద్యకారుడి కాళ్లావేళ్లా పడి తెచ్చుకున్నాను. రైస్ మిల్లు బెల్టులో ఎడమచేతి వేళ్లు నలిగిపోయాక మామూలు గిటార్ తీగ నొక్కడం నా వల్ల కాలేదు. దీన్నైతే ఒళ్లో పడుకోబెట్టి, పిడికిట్లో ఇనుప కడ్డీ పట్టుకుని తీగల మీద జార్చితే చాలు. ఈ చేతికి మిగిలిన పాట ఇదొక్కటే.

నేను ఊళ్లో లేని పూట చూసి అమ్మ దాన్ని నల్లా కింద పెట్టింది. చింతపండు, బూడిద వేసి బిందెను రుద్దినట్టు రుద్ది, పైమూత రంధ్రాల్లోంచి నీళ్లు పోసి మరీ కడిగింది. నేను వచ్చేసరికి గిటార్ పసుపు కుంకుమలతో, పూలదండతో తళతళలాడుతోంది. లోపల పులుపు పట్టిన అల్యూమినియం ఎన్నాళ్లుంటుంది? చలికాలం పోయేసరికి పళ్లెం పొక్కులు లేచి చిల్లులు పడింది. మీటితే రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు మోత.

"తిక్కల్దానా! నా నోట్లె మన్ను గొట్టినవ్" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను.

"నీ చెయ్యి సల్లగుండాలెనని మొక్కి కడిగిన బిడ్డా" అంది.

"మొక్కినవ్, సంపినవ్" అన్నాను. ఆ తర్వాత అన్నం పెడితే తిట్టాను, పెట్టకపోతే తిట్టాను.

ఇక బాగుచేసేవాడి కోసం తిరుగుడు మొదలైంది. మా ఊరి బ్యాండు మేళం ఆయన పళ్లెం చూసి, "గీడ రెండు వెల్డింగ్ చుక్కలు కొట్టిస్తే అయిపాయె అన్నా" అన్నాడు. నీ తలకాయకు కొట్టించుకో అని వచ్చేశాను. బిచ్కుందలో హార్మోనియంలు బాగుచేసే పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని చూసి, "మాకు తెల్వదు బేటా. తెల్వనిదాంట్ల చెయ్యి పెట్టద్దు" అన్నాడు. ఆయన ఒక్కడి మీదే నాకు కోపం రాలేదు. నిజామాబాద్ షాపువాడేమో "గోడకు తగిలిస్తే మస్తుంటది, నాకిచ్చెయ్" అన్నాడు. వాడి గోడ కూలిపోను.

చివరికి హైదరాబాద్‌లో ఒకడు దొరికాడు. పనిమంతుడే, కాదనను. మరలు విప్పే తీరులోనే తెలిసిపోయింది. అలాంటి పళ్లెం బయటి దేశం నుంచి తెప్పిస్తానని, తీగల ఎత్తు నా కడ్డీకి తగ్గట్టు పెడతానని చెప్పాడు. ఈ పని తనకు తప్ప ఇంకెవరికీ రాదన్నాడు. నేను తిరిగిన తిరుగుడుకి అది నిజమేననిపించింది. ప్రాణం లేచొచ్చింది. అంతలో వాడు గిటార్ లోపల మూలన పట్టుకుపోయిన చింతపిప్పిని గోటితో గీకి, వాసన చూసి, పకపకా నవ్వాడు. ఫోన్ తీసి ఎవడికో వీడియోలో చూపిస్తూ, "చూడు మామా, ఏ తిక్కల్దో గిటార్‌ను బోళ్ల లెక్క తోమింది" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మాట ఇంట్లో నేను రోజూ అంటున్నదే. అయితే ఏంటి? మా అమ్మను నేనంటాను, వాడెవడు?

"ఆమె మా అవ్వరా. నోరు సంభాళించుకో" అన్నాను.

"లైట్ తీస్కో బ్రో, జోక్" అన్నాడు. ఫోన్ మాత్రం దించలేదు, అవతలివాడి నవ్వు వినిపిస్తూనే ఉంది. మరలు, మూత, చిల్లుల పళ్లెం అన్నీ సంచిలో వేసుకుని, గిటార్ చంకన పెట్టుకుని లేచాను.

"ఇంకెక్కడా కాదు, సోచాయించుకో" అని వెనక నుంచి అరిచాడు. కాకపోతే పోనీ, నీ చేత్తో మాత్రం వద్దు అన్నాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నా ముఖం చూడకుండా గిటార్ వైపు చూసింది.

"అయ్యిందా బిడ్డా?"

"కాదన్నడు. పాతగైందట. దాని ఆయుష్షే గంతనట."

"నేను గడిగినందుకు గాదా?"

"నువ్వు గడగకున్నా పోయేదేనట" అన్నాను.

చేట ఎత్తబోయినది ఆగింది. దాన్ని కింద పెట్టి నా ముఖంలోకి సూటిగా చూసింది.

"మరి గిన్ని దినాలు నన్నెందుకు తిట్టినవ్ రా?" అంది.