జేబులోని కుడిచెయ్యి

గుర్రాలకు లాడాలు కొట్టే పనినుంచి ఎదిగిన ఫిర్మిన్ షస్తాన్, ఫ్రాన్సులోని ఓవెర్న్ కొండల్లో పద్దెనిమిదేళ్లుగా జిల్లా బోర్డు సభ్యుడు. పెళ్లిలోనైనా చావులోనైనా అందరి చేతులూ పట్టుకుని పలకరించే మనిషి, పశువుల సంతలో మాత్రం చేతులు రెండూ కోటు జేబుల్లో కుక్కుకుని తిరుగుతాడు. అక్కడ రైతు ధర చెప్పి అరచెయ్యి చాపినప్పుడు దానిమీద చరిస్తే పశువును కొన్నట్టే. కాగితం అక్కర్లేదు, కాదనడం లేదు.

1910 ఎన్నికల్లో ఆయనమీద పోటీకి పట్నంనుంచి ప్లీడరు దెలోర్మ్ దిగాడు. "చూశారా, మీతో చెయ్యి కలపడానికి ఈయనకెంత నామోషీయో!" అని సంతలో అరిచి, ఆవు ధర చెప్పి ముసలి రైతు బ్లేజ్ చాపివున్న అరచేతిమీద చప్పుడయ్యేలా చరిచాడు. "అయితే ఆవు మీదే, ప్లీడరుగారూ," అంటూ బ్లేజ్ పలుపు అందించాడు. అది వట్టిపోయిన ఒంటికొమ్ము ఆవు. ప్లీడరు పకపకా నవ్వాడు. "పలకరింపుకి చరిచానయ్యా! ఈ ముసలావు ఎవడిక్కావాలి?" ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి, చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. అప్పుడు షస్తాన్ తాపీగా జేబులోంచి కుడిచెయ్యి తీశాడు. "దించకు బాబాయ్," అని, సుత్తి పట్టిన ఆ చేత్తో ఫెళ్లున చరిచాడు. గుర్రాలు బెదిరాయి, టోపీలు గాల్లోకి లేచాయి.

ఆదివారం కొండమీది ఊళ్లన్నీ ఆయనకే ఓటేశాయి. బ్యాండుమేళంతో, ఆవుతో సహా ఊరేగివచ్చిన మొగుణ్ణి మెలనీ గుమ్మంలోనే ఆపింది.

"ఇది పాలిస్తుందా?"

"ఇవ్వదు."

"మరి ఈ దండగమేత దేనికి?"

షస్తాన్ ఆవు మెడ నిమిరాడు. "ఆరేళ్ల పదవి ఇచ్చిందే! ఇంకా పాలు కూడా కావాలటే నీకు?"