మూడు అనగానే ఎత్తాలి

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. ఐస్ మీద నేను గట్టిగా మాట్లాడతాను. ఇంటికి నలుగురు వస్తే గదిలోంచి బయటికి రాని నేను, ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆపేసుకుని కూర్చునే నేను, గాల్లోకి లేచే ముందు గొంతెత్తి తెలుగులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతాను. మూడు అనగానే నా స్కేటింగ్ జోడీ నన్ను తల మీదికి ఎత్తాలి. అతనూ నాతోపాటే లెక్కపెడతాడు, తెలుగులోనే. పాట హోరులో అది ఇంకెవరికీ వినిపించదు. గాజు తలుపు అవతల శాలువా కప్పుకుని కూర్చునే అమ్మకి అసలే వినిపించదు.

మొదట్లో ఇంగ్లీషులోనే లెక్కపెట్టేవాళ్ళం. త్రీ అనేసరికి నేనెప్పుడూ కొంచెం వెనకబడేదాన్ని. ఒకరోజు భయంతో నోట్లోంచి తెలుగు వచ్చేసింది. ఆ రోజు లిఫ్టు, అంటే అతను నన్ను పైకెత్తడం, సరిగ్గా కుదిరింది. కిందికి దించాక అతను అడిగాడు.

"ఏంటది? మంత్రమా?"

"అంకెలు."

"అయితే ఇకనుంచీ అవే లా."

అతను ఇక్కడే, సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన చైనీస్ కుటుంబంవాడు. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషే. ఇక్కడ దాన్ని నా తెలుగులో రాస్తున్నాను. మాట చివర ఇక్కడివాళ్ళు తగిలించే 'లా'లు మాత్రం అతనివే.

ఏడాది పొడుగునా ఎండ తప్ప మరొకటి లేని ఊళ్ళో మంచు మీద ఆడతానంటే ఎవరికైనా నవ్వొస్తుంది. వుడ్‌ల్యాండ్స్‌లో ట్రైన్ ఎక్కేసరికి ఒళ్ళంతా చెమట. బ్యాగులో మాత్రం ఉన్ని స్వెట్టరు, చేతులకు గ్లవ్స్. ఒకసారి పక్కసీటు ఆంటీ నా బూట్ల బ్లేడ్లకు వేసిన తొడుగులు చూసి, వంట క్లాసుకు కత్తులు తీసుకెళ్తున్నావా అని అడిగింది. అవునన్నాను. మొదటినుంచీ వివరించే ఓపిక లేదు.

వివరించాలంటే పాస్‌పోర్టు దగ్గర మొదలుపెట్టాలి, అదీ విసుగు. నేను బాపట్లలో పుట్టాను. బళ్ళో వేసే వయసులో నాన్న బ్యాంకు ఉద్యోగంతో ఇక్కడికి వచ్చాం. తరవాత పీఆర్ వచ్చింది, అంటే ఎన్నాళ్ళయినా ఇక్కడే ఉండొచ్చు. పాస్‌పోర్టు మాత్రం ఇండియాదే. జంట స్కేటింగ్‌లో మామూలు అంతర్జాతీయ పోటీలకు ఇద్దరిలో ఒకరు ఈ దేశ పౌరులైతే చాలు. జెండా వెనక నడిచి వెళ్ళే పెద్ద క్రీడలకు మాత్రం ఇద్దరూ పౌరులై ఉండాలి. మేము ఇన్నేళ్ళు ఒళ్ళు హూనం చేసుకున్నది ఆ పెద్ద క్రీడల కోసమే. ఆటలో సగం అతనిది, సగం నాది. ఆగిందంటే మాత్రం మొత్తం నావల్లే ఆగుతుంది.

పోనీ మామూలు పోటీలైనా సుఖంగా సాగాయా అంటే అదీ లేదు. యూరప్‌లో శిక్షణ శిబిరం అనగానే అతను టిక్కెట్టు కొని బ్యాగు సర్దుకుంటాడు. నేను బ్యాంకు కాగితాలు, ఆఫీసు వాళ్ళిచ్చిన ఉత్తరం, చెవులు కనిపించే, నవ్వు కనిపించని ఫొటోలు పట్టుకుని వీసా కౌంటరు ముందు కూర్చుంటాను.

"ఎందుకు వెళ్తున్నారు?"

"ఆడటానికి."

"ఏ దేశం తరఫున?"

"సింగపూర్."

"మరి ఈ పాస్‌పోర్టు?"

ఆ ప్రశ్నకి నేనెప్పుడూ ముక్కు తుడుచుకుంటాను. పోయినసారి వీసా వచ్చేసరికి శిబిరం సగం అయిపోయింది. అతను ఒక్కడే వెళ్ళి, నా బదులు ఇసక బస్తాని ఎత్తి సాధన చేశాడు. ఫోన్‌లో వీడియో పెట్టి చూపించాడు.

"ఇదిగో, నువ్వు. చాలా బుద్ధిమంతురాలు. ఒక్క మాట మాట్లాడదు."

"నేను మాత్రం ఏం మాట్లాడతాను?"

"అదే అంటున్నా. తేడా తెలీట్లేదు లా."

పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నది ఆ విసుగులోనే. ఒక దేశాన్ని వదులుకుంటేగానీ ఇంకో దేశం చేరనివ్వదు, దానికీ సిద్ధపడ్డాను. చాలాకాలం ఏ కబురూ లేదు. చివరికి ఒక మధ్యాహ్నం, వన్-నార్త్‌లో మా ఆఫీసు కింద అన్నం తింటూ ఫోన్‌లో చూస్తే, కాదన్నారు. కారణం లేదు. కారణం చెప్పరట.

వాళ్ళు చెప్పలేదు కాబట్టి ఆదివారం మా ఇంటికి భోజనానికొచ్చిన అంకుల్ చెప్పారు. ఆయనా నాన్నా ఒకప్పుడు ఒకే ఆఫీసు. ఎవరికి పీఆర్ వచ్చినా, రాకపోయినా, ఎందుకో ఆయనకి తెలుసు.

"బీచ్ శుభ్రం చేస్తూ ఫొటోలు పెట్టావా అమ్మా?"

"లేదంకుల్."

"అదీ సంగతి! సేవ చూపించాలి. మా వాడు అన్ని బీచ్‌లూ ఊడ్చాడు."

"దేశం తరఫున ఐస్ మీద పడి మోకాళ్ళు పగలగొట్టుకుంటే అది సేవ కాదేమిటండీ?" అంది ఆయన భార్య, ఆంటీ. ఆమె నా పక్షమే అనుకుని సంతోషించేలోపే అమ్మవైపు తిరిగింది. "అయినా ఇంత తంటా ఎందుకు వదినగారూ, ఆ అబ్బాయినే చేసుకుంటే పోలా? ఎలాగూ ఎత్తుకుని తిరుగుతున్నాడుగా."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నన్ను ఎత్తే ప్రతిసారీ కళ్ళు దించుకునే మనిషి ఆవిడ. నాన్నయితే ఇన్నేళ్ళలో ఒక్క లిఫ్టు పూర్తిగా చూడలేదు, సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఏదో వస్తుంది.

"పప్పు వేసుకోండి వదినా," అంది అమ్మ.

అంకుల్ మజ్జిగ గ్లాసు కింద పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు నాన్నని అడిగారు. "అవునుగానీ, మీ అబ్బాయిని అప్పట్లో పీఆర్‌లో కలపలేదు కదూ?"

"లేదండీ."

"అయితే అదే అయ్యుంటుంది. ఇంట్లో ఒకణ్ణి దాచుకుని, ఇంకొకరికి ఇమ్మంటే వాళ్ళు మాత్రం ఎందుకిస్తారు?"

ఇక్కడ పెరిగే మగపిల్లలకి పీఆర్ ఇప్పిస్తే ఇక్కడి పౌరుల పిల్లల్లాగే పద్దెనిమిదేళ్ళు రాగానే రెండేళ్ళు సైన్యంలో పనిచెయ్యాలి. అందుకని కొన్ని ఇళ్ళల్లో అమ్మా నాన్నా అమ్మాయీ పీఆర్ తీసుకుంటారు, అబ్బాయిని మాత్రం స్టూడెంట్ పాస్ మీదే ఉంచి, చదువైపోగానే వేరే దేశం పంపించేస్తారు. మా తమ్ముడి విషయంలో మావాళ్ళు చేసిందీ అదే. అప్పట్లో అది చాలా తెలివైన పనని మెచ్చుకున్నది కూడా ఈ అంకులే.

వాళ్ళు వెళ్ళాక నాన్న గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడి తుడుస్తున్నాను.

"అంకుల్ చెప్పింది నిజమేనా నాన్నా?"

"ఎవరికి తెలుసు? ఆయనేమన్నా ఆఫీసరా? నోటికొచ్చింది చెబుతాడు."

"తమ్ముణ్ణి కూడా కలిపి ఉంటే..."

"ఉంటే? నీ ఆట కోసం వాడి రెండేళ్ళు ఇచ్చెయ్యమంటావా?"

ఆ రెండేళ్ళు నాతో ఆడేవాడు ఇచ్చాడు నాన్నా, అన్నాను. నోటితో కాదు. గదిలోకి వెళ్ళి డైరీలో అన్నాను. నా జవాబులన్నీ అక్కడే ఉంటాయి. ఎవరికీ ఉపయోగపడవు.

మర్నాడు ఆస్ట్రేలియా నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మ చెప్పేసినట్టుంది.

"అక్కా, నన్నెవరూ అడగలేదే. అడిగితే వెళ్ళేవాణ్ణేమో. వెళ్ళేవాణ్ణి కాదేమో. ఏమో, నాకూ తెలీదు."

వాణ్ణి తిట్టడానికి కూడా వీల్లేకుండా పోయింది.

నా జోడీ నిజంగానే ఆ రెండేళ్ళూ ఇచ్చాడు. సైన్యం నుంచి తిరిగొచ్చేసరికి కాళ్ళు మొద్దుబారాయి. చిన్నప్పటినుంచీ అతనితో ఆడిన అమ్మాయి చదువుకోసం వెళ్ళిపోయింది. అంతవరకూ ఒంటరిగా స్కేటింగ్ చేసుకుంటున్న నాకు అతను దొరికింది అలాగే. ఇప్పుడు నా దరఖాస్తు తిరిగొచ్చిందని చెబితే తొణక్కుండా, "మళ్ళీ పెట్టు. ఏడాది ఆగుతా," అన్నాడు. ఆగడానికి అతనికి పెద్దగా ఏళ్ళు మిగల్లేదు. పెద్ద క్రీడలకు అర్హత పోటీలు వచ్చే సీజన్‌లోనే. మా కోచ్ దాపరికం లేని మనిషి, ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. కెనడాలో పెరిగిన సింగపూర్ అమ్మాయి ఒకతి తిరిగొచ్చింది, జోడీ కోసం చూస్తోంది, పాస్‌పోర్టు గొడవ లేదు. అతను వద్దన్నాడు. ఆలోచించుకోడానికి కోచ్ వారం గడువిచ్చింది.

ఆ వారంలోనే అతనికి తమ్ముడి సంగతి చెప్పాను. రింక్ పక్కన, చవక తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌లో, టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు పట్టి ఉంచాడు. అతని ముందు నూడుల్స్, నా ముందు టీ.

"నాకో తమ్ముడున్నాడు."

"తెలుసు. ఆస్ట్రేలియా."

"వాడు ఇక్కడే పెరిగాడు. మావాళ్ళు వాడికి పీఆర్..."

వాక్యం పూర్తి చెయ్యక్కర్లేకపోయింది. ఇక్కడ పెరిగిన మగపిల్లాడెవడికీ చెయ్యక్కర్లేదు. చాప్‌స్టిక్స్ గిన్నె మీద అడ్డంగా పెట్టాడు.

"స్మార్ట్," అన్నాడు. "దరఖాస్తు పోయింది దానివల్లేనా?"

"తెలీదు. ఎవరికీ తెలీదు."

"మరి నాకెందుకు చెప్పావు? చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?"

"ఏడాది ఆగుతానన్నావు. మళ్ళీ పెట్టినా ఇస్తారని లేదు. నీ దగ్గర్నుంచి మావాళ్ళు ఇంకో ఏడాది కూడా తీసుకోవడం నాకిష్టం లేదు."

నేను అతనితో నేల మీద మాట్లాడిన మాటల్లో అదే అన్నిటికన్నా పొడుగైనది. అతనికి కోపం వచ్చింది. అంతకుముందెప్పుడూ చూడలేదు.

"ఎవరి జీవితం ఎలా గడవాలో మీ ఇంట్లో అందరూ మీరే తేల్చేస్తారా? మీ నాన్న నీ తమ్ముడికి. నువ్వు నాకు."

టీ సగంలో వదిలేసి బూట్ల బ్యాగు అందుకున్నాను.

ఆ రోజు సాధన మానలేదు. ఐస్ గంటకి కట్టిన డబ్బు తిరిగి ఇవ్వరు, కోపాలకి అది తెలీదు. ఇద్దరం చేతులు పట్టుకున్నాం. ఒకటి, రెండు అని నేనొక్కదాన్నే లెక్కపెట్టాను. మూడు అనగానే మాత్రం అతను ఎత్తాడు, ఎప్పటిలాగే, ఒక్క క్షణం అటూఇటూ కాకుండా. పైన ఉన్నంతసేపూ నాకు విసుగు తప్ప మరేమీ లేదు. అందరి మీదా. ఇంత బాగా కుదిరిన దాన్ని దించెయ్యాలి కదా అని.

వారం చివర అతను ఆ కెనడా అమ్మాయితో ఆడటానికి కోచ్‌కి సరేనన్నాడు.

నాన్న ఇప్పుడు ఆదివారాలు బీచ్ శుభ్రం చేసేవాళ్ళ లింకులు పంపిస్తున్నాడు. కింద 'ఫొటో మర్చిపోకు' అని. ఇన్నేళ్ళూ ఆట చూడని మనిషి, ఆట పోయాక దాని కోసం చీపురు పట్టుకోమంటున్నాడు. అది ఆయనకి తెలిసిన క్షమాపణ కావచ్చు. అయినా చిరాకే.

పోయిన శనివారం లాకర్‌లో మిగిలిన బూట్లు తెచ్చుకోడానికి రింక్‌కి వెళ్ళాను. కెనడా అమ్మాయి మంచిది, తిట్టుకునే సుఖమూ లేదు నాకు. నన్ను చూడగానే వచ్చి కౌగిలించుకుంది. నిండా చెమటలో ఉన్నానేమో అని నేనే వెనక్కి జరిగాను. గాజు తలుపు ఇవతల అమ్మ కూర్చునే చోట నిలబడి వాళ్ళ సాధన చూశాను. మొదటి లిఫ్టు ఆలస్యం. రెండోది ఇంకా ఆలస్యం. మూడోసారి ఆమె పైకి గెంతింది, అతను ఎత్తలేదు. ఇద్దరూ ఐస్ మీద కూలబడ్డారు. ఆమె నవ్వింది. అతను నవ్వలేదు.

అతను లేచి, మంచు దులుపుకుంటూ, నేరుగా నా దగ్గరికి వచ్చి తలుపు తీశాడు. హాకర్ సెంటర్ తరవాత మేము మాట్లాడుకోవడం అదే మొదలు. నేను బూట్ల బ్యాగు గుండెలకి అదుముకుని, ఇంటికెళ్తున్నానని చెప్పబోయాను.

"వన్, టూ, త్రీ అంటే నాకు చెయ్యి లేవట్లేదు," అన్నాడు చిరాగ్గా. "ఆ అమ్మాయికేమో 'మూడు' నోరు తిరగట్లేదు. బుధవారం వచ్చి నేర్పు లా."