అమ్మ ఒంటిమీది గీతలు

కాలేజీలో నేను చెప్పేది కెమిస్ట్రీ. కలిసిపోయిన ద్రవాలను వేడిచేసి, ముందు ఆవిరయ్యేదాన్ని ముందు, తర్వాతదాన్ని తర్వాత విడివిడిగా పట్టుకుంటాం. అలా వచ్చిన ఒక్కో భాగాన్నీ ఫ్రాక్షన్ అంటాం. ఒకరిచ్చిన రక్తాన్ని ఎర్రకణాలుగా, ప్లేట్‌లెట్లుగా, ప్లాస్మాగా వేరుచేసి ముగ్గురికి పంచడమూ ఆ కోవలోదే. బోర్డు మీద ఈ మాట ఎన్నిసార్లు రాశానో! అది మా ఇంటికొచ్చి పీట వేసుక్కూర్చుంటుందని మాత్రం అనుకోలేదు.

అమ్మకు రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీశాక, రేడియేషన్ కూడా ఇవ్వాలన్నారు ఖమ్మంలో డాక్టరుగారు. మొత్తం మోతాదును చిన్న చిన్న ఫ్రాక్షన్లుగా విడగొట్టి, రోజుకొకటి చొప్పున కొన్ని వారాలు. శని, ఆదివారాలు సెలవు. అమ్మకు అక్కడే అనుమానం పుట్టింది.

"ఒక్కసారే పెట్టి పంపరాదా? రోగం బాగ ముదిరినట్టుంది, అందుకే గిన్నిసార్లు రమ్మంటున్నరు. మీరు నాకు చెప్తలేరు."

నేను పాఠం మొదలుపెట్టాను. మధ్యలో కాస్త వ్యవధి ఇస్తే మంచి కణాలు కోలుకుంటాయని, చెడ్డవాటికి ఆ శక్తి తక్కువని. అమ్మ ఆవులించింది. నా విద్యార్థులే నయం, పుస్తకం అడ్డం పెట్టుకుని ఆవులిస్తారు.

యంత్రం రోజూ సరిగ్గా అదే చోటికి గురిపెట్టాలి కాబట్టి ఛాతీ మీద నీలి ఇంకుతో గీతలు గీశారు. చెరగనివ్వొద్దని మరీమరీ చెప్పారు. మొదటి వారం అయ్యాక అమ్మను బూర్గంపాడులోని మా ఇంటికి తీసుకొచ్చాను. గుమ్మంలో అత్తమ్మ నిలబడి ఉంది. అత్తమ్మ అంటే నాన్నకు అక్క. మా మిరపతోటకూ, వంటింటికీ, మా అందరికీ ఆవిడే పెద్దదిక్కు. దవాఖానా నుంచి వచ్చినవాళ్లు స్నానం చేయకుండా గడప దాటడం ఆవిడ రాజ్యంలో కుదరదు. నేను ఆటో నుంచి బ్యాగులు దించేలోగానే అమ్మను పెరట్లోకి నడిపించింది. వేణ్ణీళ్లు కాగి ఉన్నాయి, సున్నిపిండి తడిపి ఉంది. మా పిల్లను ఎంత మురికి చేసి పంపారో అని నొచ్చుకుంటూ, ఆ నీలి గీతలన్నిటినీ ఓపిగ్గా, ఒక్కటి మిగలకుండా వదలగొట్టింది.

అమ్మ వద్దనలేదు. పైగా తల తుడుచుకుంటూ వచ్చి నాతో అంది: "గీతలు పోయినయ్ బిడ్డా. మంచిగైంది. ఇగ నేను పోను."

నాకు కోపం నషాళానికి అంటింది. అత్తమ్మ మీద అరిచాను. ఆవిడ అరుగు మీద కూలబడి, "మురికి గాదా అది?" అంది. ఆ రాత్రి ఆవిడ అన్నం తినలేదు. అమ్మ మాత్రం పట్టు వదల్లేదు. ఆదివారం మధ్యాహ్నం దాకా నేను బతిమాలాను, నాన్న బతిమాలాడు, గోడకు చెప్పినట్టే.

సాయంత్రం అత్తమ్మ వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

"పిల్లా, మన మిరపకు యూరియా ఎట్ల ఏస్తం?"

"కొంచెం కొంచెం ఏస్తం."

"అంతా ఒక్కసారే కుమ్మరిస్తే?"

"మాడిపోతది."

"మల్లమల్ల ఏసేది తోట చెడిపోయిందనా? బతకాలనే గద. నీకు గూడ గంతే. లే, చీరలు సర్దు. నేను గూడ వస్త."

పోలిక పూర్తిగా కుదరలేదు. యూరియా పెంచడానికి, రేడియేషన్ చంపడానికి. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అమ్మ లేచి చీరలు మడతపెడుతోంది. వెళ్లి బ్యాగు తెచ్చి పక్కన పెట్టాను.

సోమవారం ఆసుపత్రిలో చీవాట్లు తిన్నాం. మళ్లీ కొలతలు తీసి గీతలు గీశారు. ఆనాటి నుంచి ఖమ్మంలో కిరాయి గదిలో అమ్మతో పాటు అత్తమ్మే ఉంది. ఒళ్లు తుడిచేటప్పుడు ఆవిడ తడిగుడ్డ ఆ గీతల దాకా వెళ్లి ఆగిపోయేది, పక్కవాడి గట్టు తొక్కనట్టు. అక్కడి చర్మం నల్లబడి మండుతుంటే అమ్మ ఏడ్చేది. "ఇయ్యాల్టి దఫా అయిపోయింది. రేపటి సంగతి రేపు," అనేది అత్తమ్మ. ఆవిడంటే నాకు ఎంత ఇష్టమో ఆ గదిలోనే నాకు తెలిసింది.

చివరి ఫ్రాక్షన్ అయిపోయింది. ఇక గీతలు పోయినా ఫరవాలేదు, రుద్దొద్దు అన్నారు. ఇంటికి రాగానే మళ్లీ పెరట్లో నీళ్లు సిద్ధం. ఈసారి సున్నిపిండి లేదు. గోరువెచ్చని నీళ్లు పోసిన అత్తమ్మ చెయ్యి అలవాటు కొద్దీ గీతల దగ్గర ఆగిపోయింది. అక్కడ ముట్టుకోవడానికి ఆవిడకు ధైర్యం చాలలేదు. అమ్మే ఆ చేతిని పట్టుకుని తన గుండె మీద పెట్టుకుంది.

"అన్నీ ఒక్కనాడే పోవాల్నా వదినె? కొంచెం కొంచెం పోనీ. ఇగ నేను యాడికి పోత?"