నిద్రపోయిన మొహం

నిద్రపోయిన మొహాన్ని సోమక్క దూరం నుంచే గుర్తుపట్టేది. బచేలి కింది బస్తీలో పొద్దున్నే కుళాయి దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళలో ఎవరికి కంటినిండా కునుకు పట్టిందో, ఎవరు నడిరాత్రి లేచి కూర్చున్నారో ఒక్క చూపుతో చెప్పేసేది. ఆకలిగొన్నవాడికి ఎవరి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో తెలిసినట్టు, నిద్ర ఎవరింట్లో ఉందో ఆమెకు తెలిసేది. ఎందుకంటే తన ఇంట్లో అది లేదు.

ఆమె పుట్టిల్లు తర్లగూడ. తండ్రి రామనర్సయ్య ఇంత వరి, ఇంత మిరప వేసుకుని బతికే రైతు. పెళ్ళయ్యాక మొగుడు ఎర్రయ్య వెంట బచేలి వచ్చింది. తెలుగు సరిహద్దుకు ఆవల ఆ అడవి జిల్లాలకు కొత్తగా రాష్ట్రం ఏర్పడిన రోజులవి. కొండ మీద తవ్విన ఇనుపరాయి బెల్టుల మీద కిందికి దిగి, గూడ్సు బండ్లెక్కి సముద్రం దిక్కుకు పోయేది. బెల్టుల పక్కన రాలిన రాయిని పారతో మళ్ళీ ఎత్తిపోయడం ఎర్రయ్య పని. కంపెనీ క్వార్టర్లకు ఆవల, రేకుల కప్పు వేసిన ఒంటిగదిలో ఉండేవాళ్ళు. ఉతికి ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి ఇటుకరంగుకు తిరిగేది.

ఆ గదిలోనే లచ్చు పుట్టింది. ఆడపిల్ల, చక్కని పిల్ల. మూడేళ్ళు నిండినా మాట రాలేదు. పిలిస్తే తల తిప్పదు. గిన్నె మూతను నేల మీద గిర్రున తిప్పి, అది ఆగేదాకా దాన్నే చూస్తుంది. పక్కింట్లో కుక్కర్ కూసిందంటే చెవులు మూసుకుని గోడకు తల కొట్టుకుంటుంది. వీటన్నిటికీ సోమక్క అలవాటు పడింది. అలవాటు కానిది రాత్రి. లచ్చు పొద్దుగూకగానే ఒక కునుకు తీసి లేచేది. ఇక తెల్లవారేదాకా ఈ మూల నుంచి ఆ మూలకు నడక, నోట్లో ఒకటే రాగం. ఆపితే అరుపు. వదిలితే గొళ్ళెం తీసుకుని రోడ్డెక్కేది, రోడ్డు మీద రాత్రంతా లారీలే. అందుకని సోమక్క తన కొంగునూ పిల్ల గౌనునూ కలిపి ముడేసుకుని, గోడకు ఆనుకుని కూర్చునేది.

పుట్టింటివాళ్ళు తాయెత్తు కట్టించారు. ఎప్పుడో ఒకసారి ఊరికి వచ్చే పిల్లల డాక్టరు చూసి, దీన్ని ఆటిజం అంటారని, ఇది రోగం కాదని, పిల్ల తీరే అంతని, ఓపిక పట్టాలని హిందీలో చెప్పాడు. పిల్ల ఎంతసేపు పడుకుంటుందని అడిగాడు. నువ్వెంతసేపు పడుకుంటున్నావని అడగలేదు.

నాలుగేళ్ళు అలాగే గడిచాయి. పప్పులో ఉప్పు రెండుసార్లు పడేది. కుళాయి దగ్గర నిలబడే నిద్రపోయి బిందె కాలి మీద వేసుకుంది. అన్నిటికంటే వింత, మనసులో అనుమానం మొలవడం. పాలామె నీళ్ళు కలుపుతోందని తగవుకు పోయింది. ఇంటికొచ్చి చూసుకుంటే పాలగిన్నెలో చెంబుడు నీళ్ళు గుమ్మరించింది తనే. ఎవరు నవ్వినా తన పిల్లను చూసే నవ్వారనిపించేది. కాసేపటికి కాదేమో అనిపించేది. చివరికి తన అనుమానాన్నే తాను అనుమానించే స్థితికి వచ్చింది.

అలాంటప్పుడే ఎర్రయ్య మొహం మారింది.

అతనికి అప్పుడు రెండో పాళీ. మధ్యాహ్నం పోయి రాత్రి అన్నం వేళకు ఇల్లు చేరాలి. వానాకాలం సగంలో ఉండగా, తెల్లవారాక రావడం మొదలుపెట్టాడు.

"బెల్టు మరమ్మత్తు నడుస్తుంది. గూడ్సు నిండేదాక ఎవర్నీ ఇడుస్తలేరు" అన్నాడు.

సోమక్క నమ్మింది. రెండు పాళీలు ఒక్కడే ఈడ్చుకొస్తున్నాడని జాలిపడి, రోజూ వేడినీళ్ళు కాచిపెట్టింది. ఒకనాడు ఆ నీళ్ళు తోడుతూ అతని మొహంలోకి చూసింది. కళ్ళు తేటగా ఉన్నాయి. రెప్పల కింద వాపు లేదు. రాత్రంతా పార ఎత్తిన మనిషి మొహం కాదది. ఎడమ చెంప మీద గీతలు, ఒకదాని మీద ఒకటి అల్లినట్టు.

"చెంప మీద అదేంది?"

"ఏంది?"

"నులక అచ్చు."

"గోనెసంచి మీద జరసేపు ఒరిగిన" అంటూ తువ్వాలుతో మొహం రుద్దుకున్నాడు.

గోనె గీతలు సన్నగా పడతాయి. ఇవి తాడంత లావున్నాయి. తమ ఇంట్లో మంచమే లేదు, లచ్చు ఎక్కి దూకుతుందని ఎప్పుడో తీసేశారు. మరి బెల్టు దగ్గర నులక మంచం ఎక్కడిది? మంచం ఉందంటే ఇల్లు ఉంది. ఇల్లు ఉందంటే అందులో ఒక ఆడది ఉంది.

ఆనాటి నుంచి అతను అంగీ విప్పగానే తీసుకుపోయి వాసన చూసేది. చెమట, ఎర్రదుమ్ము. వాటి కింద కట్టెల పొగ, ఇప్పపువ్వు తీపి వాసన. తాగుతున్నాడా అంటే నోరు కంపు కొట్టదు. పాలగిన్నె సంగతి గుర్తొచ్చి, ఇదీ తన మెదడు చేస్తున్న మాయేమోనని కొన్నాళ్ళు నోరు మూసుకుంది.

పక్క గదిలో గంగే ఉండేది, ఆమె మొగుడు ముయా కూడా అదే పాళీ. కుళాయి దగ్గర సోమక్క మెల్లగా కదిపింది.

"మీ ఆయనక్కూడ ఈ బెల్టు పని తిప్పలేనా?"

"ఏం పని వదినా? అన్నం వేళకు ఇంట్లనే ఉంటడు. ఈయన, అన్న కలిసే గదా గేటు దాటేది" అని గంగే నాలుక కరుచుకుంది. "ఏమో, నాకు సరిగ తెల్వది."

ఆ నాలుక కరుచుకోవడమే చాలింది. అయితే బస్తీకంతా తెలుసు, తెలియనిది తనొక్కదానికే.

మర్నాడు మసకవెలుతురులో లచ్చును కొంగుకు కట్టుకుని, రోడ్డు మలుపులో ఆగి ఉన్న లారీ వెనక నిలబడింది. ఎర్రయ్య ప్లాంటు రోడ్డున రాలేదు. వాగవతలి పల్లె నుంచి వచ్చే కాలిబాటన, వేపపుల్ల నములుతూ, ఒళ్ళు విరుచుకుంటూ వచ్చాడు. ఆ ఒళ్ళు విరుచుకోవడం కంటినిండా నిద్రపోయినవాడిది. అడ్డదారిన ముందే ఇల్లు చేరి, ఏమీ ఎరగనట్టు అన్నం పెట్టింది.

మధ్యాహ్నం అతను పనికి పోగానే పిల్లతో వాగు దాటింది. ఎవరి ఇల్లని అడిగే అవసరం రాలేదు. చివరి ఇంటి చూరు కింద ఎర్రయ్య నీలిగళ్ళ తువ్వాలు ఆరుతోంది. వాకిట్లో ఒక ముసలామె ఎండిన ఇప్పపువ్వును చేటతో చెరుగుతోంది. ఆమె పేరు భీమే. తెలుగు సరిహద్దున ఉన్న కోంటా దిక్కు నుంచి పెళ్ళై వచ్చిన మనిషి, తెలుగు వచ్చు.

"ఎవరు కావాలె బిడ్డా?"

"ఈడ ఇంకెవరుంటరు?"

"నేనే ఉంట."

"బిడ్డ? కోడలు?"

"బిడ్డ పెండ్లయి పోయింది. ఎందుకు?"

సోమక్క లోపలికి తొంగిచూసింది. రెండు కుండలు, ఒక చాప. వయసు ఆడదాని దువ్వెనో, గాజో, జడతాడో కనబడుతుందేమోనని మూలమూలా వెతికింది. ఏమీ లేదు. పంచలో నులక మంచం మాత్రం ఉంది.

"ఈ తువ్వాల మనిషి ఈడేం చేస్తడు?"

"పండుకుంటడు."

"ఎవరితోని?"

భీమే చేట ఆపింది. "ఎవరితోనేంది? రాత్రొస్తడు, గోడ దిక్కు తిరిగి పండుకుంటడు. ఒక్కోనాడు చెప్పులు ఇడుసుడు సుత మర్సిపోతడు. పొద్దున నాకు వాగు నుంచి నీళ్ళు తెచ్చిపోసి పోతడు. పాపం, ఎవరు లేరట గదా."

"ఎవరు లేరన్నడా?"

"పెండ్లాం లేదు, పిల్లల్లేరు అన్నడు. ఏం, నీకేమైతడు?"

ఇంకో ఆడదే ఉంటే సోమక్క దాని జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చేది. అందుకు సిద్ధపడే వచ్చింది. పట్టుకోవడానికి ఇక్కడ జుట్టే లేదు. కాసింత నిద్ర కోసం తననూ పిల్లనూ లోకంలో లేకుండా చేశాడు. కరువునాడు ఇంట్లోవాళ్ళకు తెలియకుండా వండుకు తిన్నవాడికీ ఇతనికీ తేడా ఏముంది? పోయి మంచం మీద కూర్చుంది. కూర్చుంది, అంతే.

మెలకువ వచ్చేసరికి ఎండ కొండ వెనక్కి పోయింది. కొంగు ముడి విప్పి ఉంది. లచ్చు లేదు.

ముసలిది పిల్లను ఎత్తుకుపోయింది. ఎర్రయ్యా ఇదీ కూడబలుక్కున్నారు. మంచం పరిచింది అందుకే. నిద్రమత్తులో అనుమానం పోగలిగినంత దూరం పోయింది. అరుస్తూ బయటికి ఉరికింది.

లచ్చు ఇప్పపువ్వు కుప్పలో కూర్చుని, దోసిళ్ళతో ఎత్తి నెత్తి మీద పోసుకుంటోంది. దడి తలుపుకు అడ్డంగా భీమే కూర్చుని ఉంది. ఆమె ముంజేతి మీద పళ్ళగాట్లు.

"ఎందుకరుస్తవ్? ముడి గుంజుకుంట ఏడుస్తుంటే నేనే ఇప్పిన. మల్లమల్ల వాగు దిక్కు ఉరికింది. పట్టుకుంటే కరిసింది. నా పువ్వంత మన్నుల కలిపింది. నీ మొగన్ని రమ్మను, ఏరనీ."

"మొగడని నీకెవరు చెప్పిన్రు?"

"పోరి మూతి చూస్తే తెల్వదా?"

ఆ రాత్రి సోమక్క ఇంటికి పోలేదు. ఎర్రయ్య పని దిగి, అలవాటు కొద్దీ చూరు కింద వంగి లోపలికి వచ్చేసరికి మంచం మీద పెళ్ళాం, పంచలో గుండ్రంగా తిరుగుతూ బిడ్డ. అక్కడే ఆగిపోయాడు.

"నీకెవరు లేరట గదా" అంది సోమక్క.

అతను గోడవార కూలబడ్డాడు.

"వానలల్ల ఒకనాడు బెల్టు పక్కన నిలబడే నిద్రపోయిన సోమీ. ముందుకు ఒరుగుతుంటే ముయా ఎనక నుంచి అంగీ పట్టి గుంజిండు. లేకుంటే రాయితోని నేను పోతుంటి. ఆ రాత్రి ఇంటిదాక వచ్చిన. బయట నిలబడితే లచ్చు రాగం ఇనబడ్డది. కాళ్ళు లోపలికి రాలే."

"నిన్ను ముయా గుంజిండు. నన్నెవరు గుంజాలె?"

అతను వంగి చెప్పులు విడవసాగాడు.

"ఇదన్న నిజమని ఎట్ల నమ్మాలె?"

"ముయాను అడుగు."

"అడుగుత" అంది. తర్వాత నిజంగానే అడిగింది. ముయా అవునన్నాడు. మగవాళ్ళిద్దరూ ఒక మాట అనుకున్నారేమోనని గంగేను కూడా అడిగింది. ఆ రాత్రికి మాత్రం లచ్చు గౌను అంచును అతని తువ్వాలుకు ముడేసింది.

"బిడ్డను ఇంటికి తోల్కపో. నేనీడ పండుకుంట."

"ఎప్పుడొస్తవ్?"

"నిద్ర లేచినంక."

అప్పటి నుంచి ఒక రాత్రి అతనిది, ఒక రాత్రి ఆమెది అయ్యింది. ఎవరు వాగు దాటితే వాళ్ళు భీమేకు నీళ్ళు మోసేవాళ్ళు. పాడైన పువ్వు సంగతి భీమే మర్చిపోలేదు, గుర్తొచ్చినప్పుడల్లా తిట్టేది. సోమక్క కూడా ఏదీ మర్చిపోలేదు. పిల్లను అతనికి వదిలిన మర్నాడు ఇంటికి రాగానే లచ్చు నుదుటి మీద కొత్త బొప్పి ఉందేమోనని తడిమేది. అతను పడుకుని పిల్లను గాలికి వదిలాడేమోనని పోతూ పోతూ గడప బయట పిండి చల్లి, పొద్దున పిల్ల అడుగులు వెతికింది. ఒకసారి తలుపు సందులోంచి చూస్తే, ఎర్రయ్య కూర్చున్నవాడు కూర్చున్నట్టే నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. తువ్వాలు ముడి మాత్రం చేతికి రెండు చుట్లు చుట్టుకుని ఉంది. ఆమె లేపలేదు. నమ్మిందని కూడా చెప్పలేం.

ఈలోగా బస్తీలో మాట పుట్టింది. సోమక్క రాత్రి విడిచి రాత్రి వాగు దాటుతోంది, పొద్దున్నే మొహం కళకళలాడుతూ వస్తోంది, మొగుడేమో పిల్లను చూసుకుంటూ ఇంట్లో ఉంటున్నాడు. గంగే ఉండబట్టలేక ఒకనాడు వేకువనే ఆమె వెనకాల పోయింది. తిరిగొచ్చి కుళాయి దగ్గర, "ఒక్కతే పండుకున్నది. గురక పెడుతుంది" అని చెప్పింది. ఎవరూ నమ్మలేదు.

పన్నెండో ఏడు వచ్చాక లచ్చు రాత్రి సగం దాకా పడుకోవడం మొదలుపెట్టింది. ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు. సోమక్క ఆ నిద్రను కూడా వెంటనే నమ్మలేదు. ముక్కు దగ్గర వేలుపెట్టి ఊపిరి చూసేది, అరికాలు మెల్లగా గీరేది. పిల్ల కాలు విదిల్చుకుని అటు తిరిగి పడుకున్నాక, తనూ పక్కనే ఒరిగేది.